కొన్న తర్వాతే పేరుతో పని

కొత్త ఫోనో, హెడ్‌ఫోన్లో, ల్యాప్‌టాపో మార్కెట్లోకి వచ్చినప్పుడు దాన్ని సమీక్షించేవారు కెమెరా గురించి నాలుగు పేరాలు, బ్యాటరీ గురించి రెండు పేరాలు రాసి, పేరు దగ్గరికి వచ్చేసరికి ఒక చమత్కారంతో సరిపెడతారు. పేరు వింతగా ఉంటే నవ్వుకోవడం, బాగుంటే ఊరుకోవడం ఆనవాయితీ అయిపోయింది. వస్తువు పూర్తిగా తయారయ్యాక మార్కెటింగ్ విభాగంలో ఎవరో అతికించే చీటీయే పేరు అనీ, అసలు డిజైన్‌తో దానికి సంబంధం లేదనీ ఒక నమ్మకం ఈ ఆనవాయితీ వెనుక ఉంది. నేను దానితో ఏకీభవించను. వస్తువుకు బటన్లు, తెర, పోర్టులు ఎలా భాగాలో పేరు కూడా అలాగే ఒక భాగం. వాడేవాళ్లు దాన్ని ఆధారం చేసుకునే ఆ వస్తువును వెతుకుతారు, ఇతర వస్తువులతో పోల్చుకుంటారు, బాగు చేయించుకుంటారు, చివరికి అమ్ముకుంటారు. బటన్ సరిగా పనిచేయకపోతే దాన్ని డిజైన్ లోపమని అంటున్నప్పుడు, పేరు సరిగా పనిచేయకపోయినా ఆ మాటే అనాలి.

పేరుతో అసలు పని ఎప్పుడు పడుతుందో కంపెనీలు గమనించినట్టు కనిపించదు. ఆవిష్కరణ సభలో పేరు మీద ఏ బరువూ ఉండదు. వేదిక మీద మాట్లాడేవారి వెనుక పెద్ద తెర మీద వస్తువు బొమ్మ ఉంటుంది, చేతిలో వస్తువే ఉంటుంది, వినేవారికి అది ఏమిటో ముందే తెలుసు. దుకాణంలోనూ అంతే, పెట్టె కళ్ల ముందు ఉంటుంది. పేరు ఒంటరిగా నిలబడి పనిచేయవలసిన సందర్భాలు మూడేళ్ల తర్వాత వస్తాయి. హెడ్‌ఫోన్ల చెవి మెత్తలు చిరిగిపోయి కొత్తవి తెప్పించుకోవాలనుకున్నప్పుడు, ల్యాప్‌టాప్‌కు సరిపోయే ఛార్జర్ వెతుకుతున్నప్పుడు, ఈ ఫోనుకు కొత్త అప్‌డేట్ వస్తుందో రాదో తెలుసుకోవాలనుకున్నప్పుడు, ఫలానా లోపానికి ఎవరైనా పరిష్కారం రాశారేమోనని ఇంటర్నెట్‌లో చూస్తున్నప్పుడు, ఇంట్లో ఒకరు మరొకరికి ఫోన్ చేసి ఏది కొనుక్కురావాలో చెబుతున్నప్పుడు బొమ్మ ఉండదు, పెట్టె ఉండదు, పేరు ఒక్కటే ఉంటుంది. కొత్త పేర్లను నేను తూచేది ఈ తూకంతోనే. వినడానికి ఎంత సొంపుగా ఉన్నా, మూడేళ్ల తర్వాత ఆ వస్తువును దాని అన్నదమ్ముల నుంచి వేరు చేసి చూపలేని పేరు నా దృష్టిలో విఫలమైన పేరే.

మైక్రోసాఫ్ట్ గేమింగ్ యంత్రాలనే తీసుకుందాం. 2001లో వచ్చినది ఎక్స్‌బాక్స్. 2005లో వచ్చిన రెండోది ఎక్స్‌బాక్స్ 360. 2013లో వచ్చిన మూడోదానికి ఎక్స్‌బాక్స్ వన్ అని పేరు పెట్టారు, అంటే వరుసలో మూడోదాని పేరులో ‘ఒకటి’ ఉంది. 2016లో దానికి వన్ ఎస్ అనే రూపం, 2017లో వన్ ఎక్స్ అనే రూపం వచ్చాయి. ఆ తర్వాతి తరం యంత్రాలు 2020 నవంబరులో సిరీస్ ఎక్స్, సిరీస్ ఎస్ అనే పేర్లతో వచ్చాయి. సిరీస్ ఎక్స్‌కు ముందస్తు బుకింగులు మొదలైన రోజున అమెజాన్ అమ్మకాల పట్టికలో పాత వన్ ఎక్స్ ఒక్కసారిగా పైకి ఎగబాకిందని వార్తలు వచ్చాయి. కొత్తదనుకుని పాతదాన్ని కొన్నవారు అందులో ఉండే ఉంటారని అప్పట్లో చాలామంది అనుమానించారు. ఇదే కాలంలో పోటీదారైన సోనీ తన యంత్రాలకు ప్లేస్టేషన్ 2, 3, 4, 5 అని పేర్లు పెట్టుకుంటూ పోయింది. అందులో ఏ ప్రతిభా లేదని ఎవరైనా అనవచ్చు. పిల్లవాడు అడిగిన యంత్రం పేరును చీటీ మీద రాసుకుని కొట్టుకు వెళ్లే తాతగారికి మాత్రం ప్రతిభ అక్కరలేదు, అంకె చాలు.

పేరు తప్పితే నష్టం ఎంతవరకు వెళ్లవచ్చో నింటెండో అనుభవం చూపించింది. 2006లో విడుదలైన వీ యంత్రం పది కోట్లకు పైగా అమ్ముడైంది. 2012లో దాని తర్వాతి తరాన్ని వీ యూ అనే పేరుతో తెచ్చారు. అది దాదాపు 1.36 కోట్ల దగ్గర ఆగిపోయింది. ఈ పతనానికి పేరు ఒక్కటే కారణమని నేను అనను. ఆటలు తగినన్ని లేకపోవడం, యంత్రం శక్తి చాలకపోవడం కూడా కారణాలే. అయితే అప్పటి అధ్యక్షుడు సతోరు ఇవాటా స్వయంగా, వీ యూ అంటే పాత వీకి తెర ఉన్న కంట్రోలర్ జోడించినదేనని కొందరు అపోహ పడుతున్నారని మదుపరుల ముందు ఒప్పుకున్నారు. ఆ అపోహ సహజమే. వీ యంత్రానికి అప్పటికే రకరకాల అనుబంధ పరికరాలు ‘వీ’ అనే మాటతో మొదలయ్యే పేర్లతో వచ్చి ఉన్నాయి. వాటి మధ్య చివర ఒక అక్షరం తగిలించిన పేరును చూసి ఇది సరికొత్త యంత్రమని గ్రహించవలసిన భారాన్ని కంపెనీ కొనేవారి మీద వేసింది. 2017లో నింటెండో తెచ్చిన స్విచ్ యంత్రం విజయవంతమయ్యాక, 2025 జూన్‌లో వచ్చిన దాని వారసుడికి స్విచ్ 2 అని పేరు పెట్టారు. ఇంత మామూలు పేరు చూసి నిరుత్సాహపడినవారు ఉన్నారు. నాకు మాత్రం ఆ ఏడాది వచ్చిన పేర్లన్నింటిలో అదే ఎక్కువ నచ్చింది.

అంకె ఇంత సులువైనప్పుడు కంపెనీలు దాని నుంచి ఎందుకు పారిపోతాయన్నది ఆలోచించవలసిన విషయం. ఒక కారణం చట్టం. కంప్యూటర్‌ను నడిపించే ప్రధాన చిప్పులకు, అంటే ప్రాసెసర్లకు, పేర్లుగా పెట్టిన 386, 486 లాంటి అంకెలను ట్రేడ్‌మార్కుగా కాపాడుకోలేమని తేలడంతో ఇంటెల్ 1993లో తన తర్వాతి ప్రాసెసర్‌కు పెంటియమ్ అని పేరు పెట్టింది. లేకపోతే దాన్ని 586 అనేవారేమో. రెండో కారణం పోటీ. పక్కవాడు మూడో అంకె మీద ఉండగా మనం రెండో అంకెతో వస్తే వెనకబడ్డట్టు కనిపిస్తామన్న భయం ఉంటుంది. ప్లేస్టేషన్ 3 పక్కన ఎక్స్‌బాక్స్ 2 అనే పేరు చిన్నదిగా కనిపిస్తుందనే 360 అని పెట్టారన్న వాదన చాలా కాలంగా వినిపిస్తున్నదే. మూడో కారణం నాకు అన్నిటికంటే ముఖ్యమైనదిగా తోస్తుంది. అంకె నిజాయితీగా ఉంటుంది, నిజాయితీ అమ్మకాలకు ఎప్పుడూ కలిసిరాదు. ఏడు పక్కన ఆరు పెడితే ఆరు పాతదని పేరే చెప్పేస్తుంది. గోదాములో ఆరు ఇంకా మిగిలి ఉన్న కంపెనీకి ఆ మాట ఇష్టం ఉండదు.

అందుకని అంకెలను ఉంచుతూనే వాటికి లెక్క లేకుండా చేసే పద్ధతి వచ్చింది. ఐఫోన్లలో రెండోది 3జీ. ఆ మూడు నెట్‌వర్క్‌కు సంబంధించినది, ఫోన్ల వరుసకు సంబంధించినది కాదు. 2017లో ఐఫోన్ 8, ఐఫోన్ టెన్ ఒకే రోజున వేదిక ఎక్కాయి, తొమ్మిది ఎప్పటికీ రాలేదు. ఆ టెన్‌ను రోమన్ అంకెగా రాయడంతో చాలామంది దాన్ని ఎక్స్ అనే చదివారు. విండోస్ 8 తర్వాత 10 వచ్చింది. శామ్‌సంగ్ గెలాక్సీ ఎస్10 తర్వాత 2020లో ఎస్20కి గెంతింది. ఇవన్నీ ఒక్క తరహా తప్పులు కావు. శామ్‌సంగ్ గెంతును నేను సమర్థిస్తాను, ఎందుకంటే ఆ తర్వాత ఎస్21, ఎస్22 అంటూ సంవత్సరంతో పాటే నడిచి పేరులోనే ఫోను వయసు తెలిసేలా చేసింది. అర్థం ఉన్న గెంతుకు, గొప్ప కోసం వేసిన గెంతుకు తేడా ఉంది.

పేరులో అంకె పూర్తిగా ఎగిరిపోతే ఏమవుతుందో 2012లో ఆపిల్ చూపించింది. ఐప్యాడ్, ఐప్యాడ్ 2 తర్వాత ఆ ఏడాది మార్చిలో వచ్చిన మూడోదాన్ని ‘కొత్త ఐప్యాడ్’ అని మాత్రమే పిలిచారు. అదే ఏడాది ముగియకముందే నాలుగోది వచ్చింది, దాన్ని ‘రెటీనా డిస్‌ప్లే (మరింత స్పష్టమైన తెర) ఉన్న ఐప్యాడ్’ అన్నారు. మూడోదానికీ అదే రెటీనా డిస్‌ప్లే ఉంది. రెండూ చూడటానికి ఒకేలా ఉన్నా మూడోదానికి పాత వెడల్పాటి ముప్పై పిన్నుల పోర్టు, నాలుగోదానికి కొత్త లైట్నింగ్ పోర్టు. ఛార్జింగ్ కేబుల్ పోగొట్టుకుని ‘కొత్త ఐప్యాడ్‌కు కేబుల్ కావాలి’ అని అడిగిన మనిషి ఏ కేబుల్ తెచ్చుకోవాలి? కొత్తదనం కొన్ని నెలల్లో పోయింది, పేరు మాత్రం ఆ వస్తువు బతికున్నంత కాలం అబద్ధం చెబుతూనే ఉంది. ఇప్పటికీ వాటిని మూడో తరం, నాలుగో తరం అని లెక్కపెట్టి చెప్పుకోవలసిందే. ఆ లెక్కను కంపెనీ తన సహాయ పేజీల్లో తానే వాడుతుంది, వస్తువు మీద మాత్రం రాయదు. ఐప్యాడ్ తెర మీద రాయడానికి వాడే ఆపిల్ పెన్సిల్ విషయంలోనూ ఇదే తంతు: 2015 నాటి మొదటి తరం, 2018 నాటి రెండో తరం, 2023లో యూఎస్‌బీ-సీ రకం, 2024లో ప్రో రకం. రెండో తరం పెన్సిల్‌ను ముచ్చటపడి కొనుక్కున్నవారు 2024లో వచ్చిన ఐప్యాడ్ ప్రోకు మారితే ఆ పెన్సిల్ దాని మీద గీత కూడా గీయదు.

అంకెలను తప్పించడానికి కంపెనీలు ఎక్కువగా ఆశ్రయించేవి బిరుదులు: ప్రో, ప్లస్, మ్యాక్స్, అల్ట్రా, ఎయిర్, లైట్, ఎస్‌ఈ. ఇవి మొదట ఒక గుణాన్ని చెప్పడానికే వస్తాయి. 2008లో వచ్చిన మ్యాక్‌బుక్ ఎయిర్ నిజంగానే అప్పటి ల్యాప్‌టాపుల్లో ఆశ్చర్యపరిచేంత పలుచగా ఉంది, ఆ పేరు దానికి అమరింది. కానీ గుణం కదులుతూ ఉంటుంది, పేరు కదలదు. 2015లో వచ్చిన పన్నెండు అంగుళాల మ్యాక్‌బుక్, ఎయిర్ కంటే పలుచగానూ తేలికగానూ ఉంది, పేరులో మాత్రం ఎయిర్ లేదు. 2024 మేలో ఒకే రోజున ప్రకటించిన రెండు ఐప్యాడ్‌లలో ఈ వింత మరీ కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. పదమూడు అంగుళాల ఐప్యాడ్ ప్రో మందం 5.1 మిల్లీమీటర్లు, బరువు 579 గ్రాములు. అదే పరిమాణంలో ఉన్న ఐప్యాడ్ ఎయిర్ మందం 6.1 మిల్లీమీటర్లు, బరువు 617 గ్రాములు. గాలి అంత తేలికని చెప్పుకునే పేరు రెండిట్లోకీ బరువైన దానికి ఉంది. ఇక్కడ ఎయిర్ అన్నది గుణం కాదు, హోదా; ఖరీదు నిచ్చెనలో మధ్య మెట్టు అని దాని భావం.

హోదాలకు ఇంకో చిక్కు కూడా ఉంది, అవి ఒకదాని మీద ఒకటి పేరుకుపోతాయి. ఆపిల్ ప్రాసెసర్లలో ప్రో కంటే మ్యాక్స్ పైది, మ్యాక్స్ కంటే అల్ట్రా పైది. గరిష్ఠమని చెప్పిన దానికి పైన మరొకటి ఉండటాన్ని భాషాపరమైన చిలిపితనం అనుకుని వదిలేయవచ్చు. కానీ 2025 మార్చిలో వచ్చిన మ్యాక్ స్టూడియో కంప్యూటర్‌ను ఎం4 మ్యాక్స్ ప్రాసెసర్‌తో గానీ ఎం3 అల్ట్రా ప్రాసెసర్‌తో గానీ అమ్మారు. అంకె ప్రకారం చూస్తే మొదటిది కొత్తది, బిరుదు ప్రకారం చూస్తే రెండోది గొప్పది. కొన్ని పనుల్లో మొదటిది వేగంగా ఉంటుంది, కొన్నిట్లో రెండోది. ఈ రెండు పేర్లను పక్కపక్కన పెట్టి ఏది తనకు సరిపోతుందో పేరును బట్టి చెప్పగలిగే మనిషి ఉండడు. చెప్పగలిగితే అతను ముందే స్పెసిఫికేషన్ల పట్టిక చదివి ఉంటాడు, అప్పుడు పేరుతో అవసరమే లేదు.

ఇంతవరకూ చెప్పినవి ఎక్కువగా అజాగ్రత్తకు ఉదాహరణలు. విడిభాగాలు, ప్రమాణాల దగ్గరికి వచ్చేసరికి అజాగ్రత్తకూ మోసానికీ మధ్య గీత సన్నబడుతుంది. పరికరాలను కేబుల్‌తో కలిపే ప్రమాణమైన యూఎస్‌బీ చరిత్రను ఓపికగా చూడాలి. 2008లో యూఎస్‌బీ 3.0 వచ్చింది, దాని వేగం సెకనుకు 5 గిగాబిట్లు. 2013లో 10 గిగాబిట్ల వేగంతో 3.1 వచ్చినప్పుడు, దాన్ని 3.1 జెన్ 2 (జెన్ అంటే జనరేషన్, తరం) అని, పాత 5 గిగాబిట్లదాన్ని 3.1 జెన్ 1 అని పిలవడం మొదలుపెట్టారు. తర్వాత 20 గిగాబిట్లతో 3.2 వచ్చింది. దాన్ని 3.2 జెన్ 2×2 అన్నారు, 10 గిగాబిట్లది 3.2 జెన్ 2 అయింది, 2008 నాటి ఆ పాత 5 గిగాబిట్లది 3.2 జెన్ 1 అయింది. వస్తువులో ఒక్క తీగ కూడా మారకుండా మూడు పేర్లు మారాయి, మారిన ప్రతిసారీ అంకె పెరిగింది. దీనివల్ల మేలు ఎవరికి? పాత సరుకు పెట్టె మీద కొత్త అంకె ముద్రించుకునే తయారీదారుకు. ఈ పేర్లు మామూలు కొనుగోలుదారులకు చూపడానికి ఉద్దేశించినవి కావనీ, వారికోసం సూపర్‌స్పీడ్ అనే వేరే పేర్లు ఉన్నాయనీ ఈ ప్రమాణాన్ని చూసుకునే కంపెనీల సంఘమైన యూఎస్‌బీ ఇంప్లిమెంటర్స్ ఫోరమ్ వాదించింది. దుకాణాల్లో పెట్టెల మీద మాత్రం ఈ 3.2లే కనిపించాయి.

ఈ గందరగోళానికి మరో పొర పోర్టు ఆకారం. యూఎస్‌బీ-సీ అన్నది 2014లో వచ్చిన ఆకారం పేరు మాత్రమే. ఆ ఆకారంలో ఎంత వేగం, ఎంత విద్యుత్తు ప్రవహిస్తాయో అది చెప్పదు. 2023లో వచ్చిన ఐఫోన్ 15, 15 ప్రో రెండింటికీ అదే పోర్టు. మొదటిదాని వేగం సెకనుకు 480 మెగాబిట్లు, అంటే 2000 సంవత్సరం నాటి యూఎస్‌బీ 2 వేగం. రెండోదాని వేగం 10 గిగాబిట్లు, అంటే ఇరవై రెట్లకు పైన. ఆ వేగం అందుకోవాలంటే పెట్టెలో వచ్చే కేబుల్ చాలదు, వేరేది కొనాలి. యూరోపియన్ యూనియన్ 2024 డిసెంబరు 28 నుంచి ఫోన్లు, టాబ్లెట్లు, కెమెరాలు వంటి వాటన్నిటికీ ఒకే ఛార్జింగ్ పోర్టు తప్పనిసరి చేసినప్పుడు నేను సంతోషించాను, ఇప్పటికీ అది మంచి నిర్ణయమే అంటాను. అయితే పోర్టులన్నీ ఒకే ఆకారంలోకి వచ్చాక కేబుల్ పేరు మీద పడే భారం తగ్గలేదు, పెరిగింది. ఇదివరకు పట్టకపోతే తప్పు కేబుల్ అని చేతికి తెలిసేది. ఇప్పుడు ప్రతిదీ పడుతుంది, పని మాత్రం కొన్నిటితోనే జరుగుతుంది. ఆకారం చెప్పడం మానేసిన విషయాన్ని అక్షరం చెప్పాలి. అందుకే 2022లో అదే ఫోరమ్ పాత పేర్లను పక్కన పెట్టి, కేబుల్ మీద 40 గిగాబిట్లు, 240 వాట్లు అని నేరుగా సంఖ్య ముద్రించే గుర్తులను ప్రకటించడం నాకు పెద్ద ముందడుగుగా కనిపించింది. కష్టమల్లా ఆ ముద్ర స్వచ్ఛందం కావడంలో ఉంది. ముద్ర లేని నల్లని కేబుళ్లు ఇంకా అమ్ముడవుతూనే ఉన్నాయి.

పేరు బాగు చేయడం అసాధ్యమేమీ కాదని వై-ఫై చూపించింది. 802.11ఎన్, 802.11ఏసీ, 802.11ఏఎక్స్ అనే ఇంజినీర్ల పేర్లను 2018లో వై-ఫై అలయన్స్ వరుసగా వై-ఫై 4, 5, 6గా మార్చింది. పెద్ద అంకె కొత్తది, అంతే. పాత సరుకుకు కొత్త అంకె అంటించలేదు, తరాన్ని దాచలేదు. రెండేళ్లకే 6ఈ అని తోక తగిలించి కొంచెం చెడగొట్టారు గానీ, ఆ తర్వాత బుద్ధిగా 7కు వచ్చారు.

ప్రాసెసర్లు, గ్రాఫిక్స్ కార్డుల విషయంలో నేను ఇంత ఉదారంగా ఉండలేను. ఏఎమ్‌డీ 2023 ల్యాప్‌టాప్ ప్రాసెసర్లలో రైజెన్ 5 7520యూ, 7530యూ, 7540యూ అనే మూడు ఉన్నాయి. మొదటి అంకె ఏడును చూసి ఇవన్నీ ఒకే తరానివి అనుకోవడం సహజం. కానీ లోపలి నిర్మాణాన్ని చెప్పేది మూడో అంకె: మొదటిది 2019 నాటి జెన్ (Zen) 2, రెండోది జెన్ 3, మూడోది జెన్ 4; ఈ జెన్ ఏఎమ్‌డీ నిర్మాణం పేరు, యూఎస్‌బీ జెన్ కాదు. కంపెనీ ఈ సంకేతాన్ని బహిరంగంగానే వివరించింది, కాబట్టి అబద్ధం చెప్పిందని అనలేం. కానీ అందరి కళ్లూ పడే స్థానంలో కొత్తదనాన్ని, ఎవరూ చూడని స్థానంలో నిజాన్ని ఉంచడం కాకతాళీయమని నమ్మడం కష్టం. ఎన్‌విడియా 2022 సెప్టెంబరులో ఆర్‌టీఎక్స్ 4080 అనే పేరుతో రెండు కార్డులు ప్రకటించింది, ఒకటి 16 గిగాబైట్ల మెమరీది, మరొకటి 12 గిగాబైట్లది. పేరును బట్టి చూస్తే తేడా మెమరీలోనే ఉండాలి. నిజానికి చిప్పులే వేరు. ఒకదానిలో 9,728 కోర్లు (లెక్కలు చేసే చిన్న భాగాలు), మరొకదానిలో 7,680. విమర్శలు వెల్లువెత్తడంతో కొన్ని వారాలకే చిన్నదాన్ని ఉపసంహరించుకుని, 2023 జనవరిలో 4070 టీఐ పేరుతో, తక్కువ ధరకు తెచ్చారు. ఈ ఉదంతాన్ని పేరు కేవలం అలంకారమని అనేవారికి గుర్తు చేయాలనిపిస్తుంది. పేరు మారగానే అదే చిప్పు ధర తగ్గింది.

ఇక అందరూ ఎగతాళి చేసే పేర్ల పక్షాన ఒక మాట చెప్పాలి. సోనీ హెడ్‌ఫోన్ల పేరు డబ్ల్యూహెచ్-1000ఎక్స్ఎం4. పలకడానికి నోరు తిరగదు, ఎవరికైనా చెబితే రెండోసారి అడుగుతారు. అదే కంపెనీ ఇయర్‌బడ్స్ పేరు డబ్ల్యూఎఫ్-1000ఎక్స్ఎం4. ఒక్క అక్షరం తేడాతో వస్తువే మారిపోతుంది, ఇది నిజంగా లోపమే. అయినా నా తూకంలో ఈ పేరు ‘కొత్త ఐప్యాడ్’ కంటే ఎన్నో రెట్లు మెరుగైనది. దాన్ని యథాతథంగా వెతికితే ప్రపంచంలో ఒకే ఒక్క వస్తువు వస్తుంది. దాని చెవి మెత్తలు, దాని మాన్యువల్, దాని లోపాల చర్చలు అన్నీ ఆ పేరు మీదే దొరుకుతాయి. చివరి అంకె తరాన్ని చెబుతుంది, 2018లో 3, 2020లో 4, 2022లో 5, 2025లో 6, ఎక్కడా గెంతు లేదు. అందమైన పేరు కావాలని అడిగినవారి మాట విన్నట్టుగా సోనీయే 2022లో లింక్‌బడ్స్ అనే చక్కని పేరు తెచ్చింది. అదే ఏడాది లింక్‌బడ్స్ ఎస్ అనే మరొకటి వచ్చింది. మొదటిది బయటి శబ్దాలు వినిపించేలా మధ్యలో రంధ్రం ఉన్న పరికరం, రెండోది బయటి శబ్దాలను అణచివేసే మామూలు ఇయర్‌బడ్స్. ఉద్దేశాలే పరస్పర విరుద్ధమైన రెండు వస్తువులను ఒక్క అక్షరంతో వేరు చేయాలని చూసిన ఈ పేరు, వికారమైన ఆ సంకేతం కంటే నాకు ఎక్కువ చిరాకు తెప్పించింది.

ఆవిష్కరణ వేదిక కోసం వస్తువును తయారు చేసే ఈ అలవాటు పేరుతో ఆగదు, అదే రోగం ఆకారంలోనూ కనిపిస్తుంది. 2016లో మ్యాక్‌బుక్ ప్రో కీబోర్డు పై వరుసలోని కీలను తీసేసి వాటి స్థానంలో టచ్ బార్ అనే సన్నని తెర పెట్టారు. వేదిక మీద అది ఎంతో ఆకర్షణీయంగా ఉంది. చూడకుండా వేలితో తడిమి నొక్కే అలవాటున్నవారికి అది గోడను తడిమినట్టే అయింది. 2019లో ఎస్కేప్ కీ తిరిగి వచ్చింది, 2021 నాటి కొత్త మోడళ్లలో మొత్తం వరుసే తిరిగి వచ్చింది. కార్లలో బటన్లను తెరలోకి నెట్టేసిన తీరు ఇంతకంటే ప్రమాదకరం కాబట్టి, కార్ల భద్రతను పరీక్షించి నక్షత్రాలు ఇచ్చే యూరో ఎన్‌క్యాప్ అనే సంస్థ 2026 నుంచి టర్న్ సిగ్నల్, హజార్డ్ లైట్లు, హారన్, వైపర్లు, అత్యవసర కాల్ వంటి వాటికి చేతికి తగిలే మీటలు లేకపోతే ఐదు నక్షత్రాలు కష్టమేనని నిబంధన పెట్టింది. పేరులో అంకె తీసేయడానికీ, కారులో బటన్ తీసేయడానికీ పోలిక ఉంది. రెండూ ఫొటోలో శుభ్రంగా కనిపిస్తాయి, రెండిటి అవసరమూ ఫొటో తీసేటప్పుడు కాక వాడేటప్పుడు తెలుస్తుంది.

సాఫ్ట్‌వేర్ పేర్ల సంగతి క్లుప్తంగా చెప్పి ముగిస్తాను, అక్కడ పరిస్థితి మరీ అన్యాయంగా ఉంది. వస్తువు కొన్నాక దాని పేరైనా మారదు. సాఫ్ట్‌వేర్ పేరు మనం వాడుతుండగానే మారిపోతుంది. గూగుల్ వాలెట్ అనే చెల్లింపుల యాప్ 2011లో వచ్చింది, ఆండ్రాయిడ్ పే అనే పేరు 2015లోనూ, గూగుల్ పే అనే పేరు 2018లోనూ వచ్చాయి, 2022లో మళ్లీ వాలెట్ తిరిగి వచ్చింది. కృత్రిమ మేధ సేవల్లో ఓపెన్ఏఐ జీపీటీ-4.5ను 2025 ఫిబ్రవరిలో విడుదల చేసి, ఏప్రిల్‌లో జీపీటీ-4.1ను విడుదల చేసింది. అదే నెలలో ఓ4-మినీ వచ్చింది, అప్పటికే జీపీటీ-4ఓ వాడుకలో ఉంది. అక్షరం అంకెకు ముందుంటే ఒకటి, వెనకుంటే మరొకటి. ఇవి పరిశోధకుల డబ్బాల మీది చీటీలైతే ఎవరికీ అభ్యంతరం లేదు, కోట్ల మంది వాడే మెనూలో వీటిని యథాతథంగా ఉంచడమే తప్పు.

పేరు అన్నీ చెప్పలేదు గదా, చెప్పాలనుకుంటే అది పేరు కాక పట్టిక అవుతుంది గదా అనే అభ్యంతరం న్యాయమైనదే. పేరు ఆకర్షణీయంగా ఉండకూడదని కూడా నా వాదన కాదు. సోనీ క్యాసెట్ ప్లేయర్‌కు పెట్టిన వాక్‌మన్ లాంటి పేరు 1979లో పుట్టకపోయి ఉంటే ఆ వస్తువు కథ ఇంత దూరం వచ్చేది కాదేమో. నేను అడిగేది ఒక్కటే: ఆకర్షించే మాట ఏదైనా పెట్టుకోండి, దాని పక్కన తరాన్ని చెప్పే అంకె ఒకటి ఉంచండి. ఆ అంకె సంవత్సరమైతే మరీ మంచిది. ఆపిల్ 2025లో తన ఆపరేటింగ్ సిస్టమ్‌లన్నిటికీ ఒకే సంవత్సరపు అంకె ఇచ్చి ఐఓఎస్ 18 నుంచి నేరుగా 26కు వెళ్లడాన్ని నేను స్వాగతిస్తాను, 2025లో వచ్చినదానికి 26 అని ముందు తేదీ వేయడం కొంచెం కార్ల కంపెనీల పోకడే అయినా. ఫోను మాత్రం ఆ ఏడాది ఐఫోన్ 17గానే వచ్చింది, కాబట్టి ఒకే పరికరంలో రెండు లెక్కలు నడిచాయి. ఫోనుకు కూడా సంవత్సరం పేరు పెడితే గత ఏడాది ఫోను వయసు అందరికీ తెలిసిపోతుందన్న భయం వ్యాపారపరంగా నాకు అర్థమవుతుంది. కొనేవారిగా మనం ఆ భయాన్ని పంచుకోవలసిన అవసరం లేదు.

కంపెనీల వద్ద ప్రతి వస్తువుకూ తిరుగులేని పేరు ఒకటి ఇప్పటికే ఉంది. అదే మోడల్ నంబరు. మరమ్మతు కేంద్రంలో వాళ్లు అడిగేది దాన్నే, విడిభాగాల జాబితా నడిచేది దానితోనే, అనుమతుల కోసం ప్రభుత్వ సంస్థలకు సమర్పించేదీ దాన్నే. రెండు వేర్వేరు వస్తువులకు ఒకే మోడల్ నంబరు ఇచ్చే పొరపాటు వాళ్లు చేయరు, ఎందుకంటే అప్పుడు ఇబ్బంది పడేది వాళ్లే. ఆ నంబరును వస్తువు వెనక బూడిద రంగు మీద బూడిద రంగు అక్షరాలతో, భూతద్దం లేనిదే కనిపించనంత చిన్నగా ముద్రిస్తారు. కొన్నిట్లో సెట్టింగుల మెనూ లోతుల్లో దాస్తారు, వస్తువు ఆన్ కాకపోతే అక్కడికి వెళ్లే దారి కూడా ఉండదు. ఇయర్‌బడ్స్‌లో అయితే కేసు మూత లోపల గానీ, చెవిలో పెట్టుకునే బడ్ కాడ మీద గానీ వెతుక్కోవాలి. ముందుగా ఆ ఒక్క అక్షరాల వరుసను మామూలు కంటికి కనిపించే పరిమాణంలో, రంగు తేడాతో, తరం అంకెతో కలిపి వస్తువు మీదే ముద్రించమని కొనేవారు అడగాలి, కేబుల్ విషయంలో వేగాన్నీ వాట్లనూ కూడా. సమీక్షలు రాసేవారు బ్యాటరీ ఎన్ని గంటలు వచ్చిందో కొలిచినట్టే ఆ ముద్ర చదవగలిగేలా ఉందో లేదో కూడా రాయాలి.